వాయిదాలపై నిషేధం ముందు, అధ్యయనం తరువాత

సెబీ 2021 డిసెంబరు 20న ఒక ఉత్తర్వు జారీ చేసింది. శనగలు, ఆవాలు, సోయాచిక్కుడు, ముడి పామాయిలు, గోధుమ, పెసలు, బాస్మతి కాని ధాన్యం - ఈ ఏడింటిలో వాయిదా వ్యాపారాన్ని ఏడాది పాటు నిలిపివేస్తున్నట్లు అందులో వున్నది. ఆవాలు, సోయాలతో పాటు వాటి నూనె, పిండి వాయిదాలూ ఆగిపోయాయి. ఏడాది గడిచింది, మరో ఏడాది పొడిగించారు. ఆ పైన ఇంకో ఏడాది. 2024 డిసెంబరులో నెలన్నర, 2025 జనవరిలో రెండు నెలలు, 2025 మార్చిలో మళ్ళీ ఏడాది - ఇట్లా గడువు 2026 మార్చి 31 దాకా సాగింది.

ఇది బొంబాయి, ఢిల్లీ వర్తకులకే సంబంధించిన విషయం కాదు. ఒంగోలు కోల్డు స్టోరేజీలో శనగలు నిలవ పెట్టిన వ్యాపారికి నాలుగు నెలల తరువాత ధర ఎట్లా వుండగలదో చూపే బోర్డు లేకుండా పోయింది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో ముడి పామాయిలు దింపుకొనే మిల్లులు, ఓడ బయలుదేరినది మొదలు నూనె డబ్బాలకెక్కే దాకా వుండే ధర భయాన్ని స్వదేశంలో దించుకొనే దారి కోల్పోయాయి. మలేషియా ఎక్స్ఛేంజిలో చేసుకోవచ్చును గాని, అక్కడ లావాదేవీ రింగిట్‌లలో. సరుకు భయం పోయి మారకపు భయం వచ్చి కూర్చుంటుంది.

ఉత్తర్వు వచ్చిన నాటి నుండి వర్తక వర్గాల్లో నలిగిన ప్రశ్న ఒక్కటే: ఏ లెక్క చూసి ఆపినట్లు? వాయిదాల వల్లనే ధరలు పెరిగాయని చూపే అధ్యయనం ఏదీ ఆ ఉత్తర్వుతో పాటు వెలువడలేదు. అంతమాత్రాన ప్రభుత్వాలు అధ్యయనాలను చూడవనీ, నివేదికలన్నీ అటక మీదికే పోతాయనీ అనుకోవడం సరికాదు. డెబ్బయి ఏళ్ళ చరిత్ర తిరగవేస్తే వేరే విషయం కనిపిస్తుంది. వాయిదా వ్యాపారం ఆపాలా, సాగించాలా అన్న పెద్ద ప్రశ్నను ధరల సూచీ తేలుస్తున్నది. గిడ్డంగులు, ధరల సేకరణ, నియంత్రణ సంస్థ వంటి ఏర్పాట్లను మాత్రం నివేదికలు నడిపిస్తున్నాయి. మొదటిది ఒక్క రాత్రిలో జరుగుతుంది. రెండవదానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పడుతుంది.

సేన్ సంఘం అనుభవం

ఇందుకు 2007-08 నాటి కథ చక్కని ఉదాహరణ. 2007 ఆరంభంలో టోకు ధరల ద్రవ్యోల్బణం 6 శాతం దాటింది. పప్పులు, గోధుమల ధరలపై పార్లమెంటులో ఆందోళన వ్యక్తమైంది. జనవరిలో కంది, మినుము వాయిదాలను ఆపారు. ఫిబ్రవరిలో గోధుమ, బియ్యం వాయిదాలు ఆగాయి. ఆ తరువాత, మార్చిలో, వాయిదా వ్యాపారం వల్ల వ్యవసాయ సరుకుల టోకు, చిల్లర ధరలపై ప్రభావం ఏమైనా వున్నదా, వుంటే ఎంత అన్నది తేల్చడానికి నిపుణుల సంఘాన్ని వేశారు. ప్రణాళికా సంఘ సభ్యుడు ప్రొఫెసర్ అభిజిత్ సేన్ అధ్యక్షులు. రైతు నాయకుడు శరద్ జోషి, ఐఐఎం ప్రొఫెసర్లు సభ్యులు.

తేదీలు వరసగా చూస్తే విషయం బోధపడుతుంది. నిషేధం ముందు, అధ్యయనం తరువాత.

సంఘం ఏడాదికి పైగా పనిచేసి 2008 ఏప్రిల్ చివర నివేదిక ఇచ్చింది. 21 వ్యవసాయ సరుకులను తీసుకొని, వాయిదాలు రాకముందు, వచ్చిన తరువాత ధరల పెరుగుదల రేటును పోల్చింది. 14 సరుకుల్లో వాయిదాలు వచ్చాక పెరుగుదల వేగం హెచ్చింది. ఏడింటిలో తగ్గింది. ఈ ఒక్క వాక్యం పట్టుకొని రెండు పక్షాల వారూ వాదించుకున్నారు. కాని సంఘం అక్కడ ఆగలేదు. వేగం హెచ్చినంత మాత్రాన అందుకు వాయిదాలే కారణమని చెప్పజాలమన్నది. వాయిదాల వల్ల రెడీ ధరల ఒడిదుడుకులు పెరిగాయనడానికి గాని, తగ్గాయనడానికి గాని స్పష్టమైన ఆధారం లేదన్నది. జాతీయ ఎక్స్ఛేంజీలు వచ్చి నాలుగేళ్ళే అయింది కనుక, ఆ కొద్ది కాలంలో వాయిదాల ప్రభావమేదో, పంటల ఎగుడుదిగుళ్ళ ప్రభావమేదో విడదీయడం కష్టమని పేర్కొన్నది.

ఇది నేరం రుజువైందన్న తీర్పు కాదు. నిర్దోషి అన్న తీర్పూ కాదు. సాక్ష్యం చాలదన్న తీర్పు.

ప్రభుత్వం ఏమి చేసింది? నివేదిక అందిన పది రోజుల లోపే, మే నెల మొదటి వారంలో, శనగలు, ఆలుగడ్డ, రబ్బరు, సోయా నూనె వాయిదాలను కూడా ఆపింది. అప్పటికి ద్రవ్యోల్బణం 7 శాతం దాటి వున్నది. నాలుగు నెలలకని ఆపి, తరువాత నవంబరు 30 దాకా పొడిగించారు. ఆ లోగా ప్రపంచ మార్కెట్లు కుప్పకూలి, ముడి చమురు మొదలుకొని వంటనూనెల దాకా అన్నీ దిగివచ్చాయి. డిసెంబరులో ఆ నాలుగింటికీ అనుమతి దొరికింది. 2009 మేలో గోధుమ వాయిదా మళ్ళీ మొదలయింది. కొత్త నివేదిక ఏదీ రాలేదు. పాత నివేదికే. మారినది సూచీ. కంది, మినుములు మాత్రం మళ్ళీ వాయిదా బోర్డు ఎక్కలేదు. తాండూరు కంది వ్యాపారికి, తెనాలి మినపప్పు మిల్లుకు ఆ తలుపు 2007లో మూసినది మూసినట్లే వుండిపోయింది.

లెక్క ఎందుకు తేలదు?

అంత పెద్ద సంఘం ఏడాది కూర్చొని కూడా ఇదీ అని ఎందుకు చెప్పలేకపోయింది? దీనిని వర్తకులు తమ అనుభవంతో పోల్చి చూసుకోవాలి.

గోధుమనే తీసుకొందాము. 2006-07లో ప్రభుత్వ సేకరణ 92 లక్షల టన్నులకు పడిపోయింది. అంతకు ముందటి ఏడాది 148 లక్షల టన్నులు. కేంద్రం సుమారు 55 లక్షల టన్నులు దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ప్రపంచ మార్కెట్లో గోధుమ అప్పటికే ఎక్కుతున్నది. ఇదే కాలంలో వాయిదాలూ సాగుతున్నాయి. ధర పెరిగినప్పుడు అందులో నిల్వల కొరత పాలు ఎంత, ప్రపంచ ధర పాలు ఎంత, వాయిదాల పాలు ఎంత? ఒకే బస్తాలో కలిసిన మూడు రకాల గింజలను వేరు చేయడం వంటి పని ఇది.

2021 తరువాతి అనుభవం మరీ విచిత్రం. ముడి పామాయిలు వాయిదా డిసెంబరులో ఆగింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి పొద్దుతిరుగుడు నూనె రాక నిలిచింది. ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిలు ఎగుమతులను ఆపి, మే చివరి వారంలో తిరిగి అనుమతించింది. మలేషియాలో టన్ను ధర మార్చిలో 7,000 రింగిట్‌లు దాటి, సెప్టెంబరు నాటికి 4,000 లోపుకు వచ్చింది. ఇక్కడి ధరలూ అదే దారిన ఎక్కి, అదే దారిన దిగాయి. నిషేధం పెట్టినా ఎక్కినది కదా అని ఒకరు, నిషేధం వుండగానే దిగినది కదా అని మరొకరు అనవచ్చు. రెండు మాటలూ సరి కావు. ఎక్కించినది యుద్ధం. దించినది ఇండోనేషియా గిడ్డంగుల్లో పేరుకున్న నూనె.

పైగా ప్రభుత్వం ఒక్క మందు వేసి వూరుకోదు. 2021లోనే పప్పులపై నిల్వ పరిమితులు వచ్చాయి. వంటనూనెలపైనా వచ్చాయి. నూనెల దిగుమతి సుంకాలు తగ్గాయి. ఆ పైన వాయిదాల నిలిపివేత. నాలుగు మందులు ఒకేసారి మింగిన రోగికి జ్వరం తగ్గితే ఏ మందుకు తగ్గిందో డాక్టరు సైతం చెప్పలేడు.

వాయిదాలు ఆగినప్పుడు మరొక నష్టం కూడా వున్నది. దీనిని పెద్దగా ఎవరూ గమనించరు. వాయిదా ఆగితే ధర ఆగదు. ధర లెక్క ఆగుతుంది. రోజూ నమోదయ్యే కొనుగోళ్ళు, అమ్మకాలు, ఎవరి చేతిలో ఎంత సరుకు పెండింగులో వున్నదన్న వివరాలు అంతటితో సరి. రేపు ఒక సంఘాన్ని వేసి శనగల వాయిదాల ప్రభావం తేల్చమంటే, 2021 ఆగస్టు తరువాతి సంవత్సరాలకు ఆ సంఘం ముందు వాయిదా ధర అనేదే వుండదు. సేన్ సంఘం కాలం చాలలేదన్నది. ఆ కొరత తీరకుండా మళ్ళీ మళ్ళీ గొలుసు తెంపుతున్నట్లయింది.

ష్రాఫ్ నుండి కబ్రా దాకా

వాయిదాల మీద సంఘాలు వేయడం మనకు కొత్త కాదు. బొంబాయిలో 1875లో పత్తి వర్తకుల సంఘం ఏర్పడిన నాటి నుండి ఈ వ్యాపారం వున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల కింద చాలా సరుకుల్లో దీనిని నిషేధించారు. స్వాతంత్ర్యం తరువాత చట్టం ముసాయిదాను పరిశీలించడానికి 1950లో ఏ.డి.ష్రాఫ్ అధ్యక్షతన సంఘం వేశారు. దాని సిఫారసుల పునాదిపై 1952లో ఫార్వర్డ్ కాంట్రాక్ట్స్ నియంత్రణ చట్టం వచ్చింది. 1953లో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ ఏర్పడింది. నివేదిక చట్టంగా మారడానికి రెండు, మూడేళ్ళే పట్టిన సందర్భం ఇదొక్కటే. కారణం స్పష్టం. ఇక్కడ అధ్యయనం ముందు, నిర్ణయం తరువాత జరిగింది.

1960ల నడుమ కరవులు వచ్చాయి. ప్రొఫెసర్ ఎం.ఎల్.దంత్‌వాలా అధ్యక్షతన సమీక్షా సంఘం 1966లో నివేదిక ఇచ్చింది. వ్యవసాయ ధరల కమిషన్‌కు మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. వాయిదా వ్యాపారం అనేది సరిగా నియంత్రిస్తే ఉపయోగపడే సాధనమన్న దృష్టి అందులో వున్నది. కాని ఆ సంవత్సరాల్లోనే పత్తి మొదలుకొని చాలా సరుకుల వాయిదాలు ఆగిపోయాయి. తిండిగింజల కొరత ముందు నివేదిక నిలవలేదు.

తరువాతి సంఘానికి అధ్యక్షులు మన ప్రాంతపు మనిషి. హైదరాబాదులో పుట్టిన ప్రొఫెసర్ ఏ.ఎం.ఖుస్రో. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాలపై హైదరాబాద్ రాష్ట్రంలో ఆయన చేసిన పరిశోధన 1958లో వెలువడింది. వూళ్ళకు పోయి లెక్క తీసి మాట్లాడే సంప్రదాయం ఆయనది. 1979లో నియమితమైన ఖుస్రో సంఘం 1980లో నివేదిక ఇచ్చింది. పత్తి, జనుము, జనపనార సరుకులతో సహా చాలా వాటిలో వాయిదాలను తిరిగి అనుమతించవచ్చునన్నది. ఆలుగడ్డ, ఉల్లి వంటివి తగిన సమయం చూసి చేర్చవచ్చునన్నది. ప్రభుత్వం ఆలుగడ్డను పంజాబ్, ఉత్తరప్రదేశ్ మార్కెట్లలో ఆ ఏడాదే మొదలుపెట్టించింది. 1980ల్లో బెల్లం, ఆముదాలు చేరాయి. పత్తిని ముట్టుకోలేదు.

1993లో ప్రొఫెసర్ కె.ఎన్.కబ్రా సంఘం వచ్చింది. 1994 నివేదికలో పత్తి, నూనెగింజలు, బాస్మతి బియ్యం, ఉల్లి, వెండి వంటి 17 సరుకుల జాబితా వున్నది. 1996లో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి వాణిజ్యాభివృద్ధి సంస్థ కలిసి భారత వ్యవసాయంలో ధర భయాన్ని నెట్టుకు రావడానికి వాయిదాలు ఏ మేరకు తోడ్పడగలవో పరిశీలించి మరో నివేదిక ఇచ్చాయి. పత్తి వాయిదాకు 1998లో అనుమతి వచ్చింది. అనగా 1980లో ఖుస్రో చెప్పిన మాట, 1994లో కబ్రా చెప్పిన మాట, 1998లో ఉత్తర్వు అయింది. పద్దెనిమిదేళ్ళు. మిగిలిన నిషేధాలు 2003 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఆ ఏడాది చివరికి రెండు పెద్ద జాతీయ ఎక్స్ఛేంజీలు తలుపులు తెరిచాయి.

గమనించవలసినది ఏమంటే, 2003 నాటికి ద్రవ్యోల్బణం అదుపులో వున్నది. గోదాముల్లో ధాన్యం పొంగి పొర్లుతున్నది. నివేదికలు ఎప్పుడో వచ్చి సిద్ధంగా వున్నాయి. కాలం కలిసి వచ్చినప్పుడు ఫైలు అటక మీది నుండి దిగింది. నివేదిక లేకపోతే కాలం కలిసి వచ్చినా దింపడానికి ఏమీ వుండేది కాదు. అధ్యయనం పని అంతవరకే అయినా, అది చిన్న పని కాదు.

చప్పుడు లేకుండా అమలైనవి

సేన్ నివేదికలో పత్రికల మొదటి పేజీకి ఎక్కినది 14, 7 లెక్క ఒక్కటే. లోపలి పేజీల్లో వేరే సంగతులు వున్నాయి. రెడీ ధరల సమాచారం నమ్మదగినదిగా లేదు, దానిని బాగుచేయాలి. గిడ్డంగులు పెరగాలి. నియంత్రణ సంస్థకు అధికారాలు, సిబ్బంది చాలవు. చిన్న రైతు నేరుగా వాయిదాల్లోకి రాలేడు కనుక, వారి సరుకును కలిపి తెచ్చే సంస్థలు కావాలి. ఈ దిశలో తరువాత జరిగినవి చూడాలి.

గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం 2007లోనే వచ్చింది. దాని ప్రాధికార సంస్థ 2010లో ఏర్పడింది. గిడ్డంగి రసీదును బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకొనే పద్ధతికి చట్టబద్ధత దొరికింది. 2015 సెప్టెంబరులో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్‌ను సెబీలో కలిపారు. అరవై ఏళ్ళుగా చాలని అధికారాలతో నడిచిన సంస్థ స్థానంలో, సోదా చేసి జరిమానా వేయగల సంస్థ వచ్చింది. 2016 ఏప్రిల్‌లో ఇ-నామ్ మొదలయింది. 1952 చట్టం నిషేధించిన ఆప్షన్లు 2017 అక్టోబరులో బంగారంతో, 2018 జనవరిలో గోరుచిక్కుడు గింజలతో తిరిగి వచ్చాయి. గిట్టుబాటు కాకపోతే ప్రీమియం మాత్రమే పోయే ఈ పద్ధతి రైతు సంఘాలకు అనుకూలమని ఆర్థికవేత్తలు చాలా కాలంగా చెబుతున్నదే.

ఇవన్నీ ఒక్క సేన్ సంఘం వల్లనే జరిగాయనడం తప్పు. ఖుస్రో, కబ్రాల కాలం నుండి ప్రతి సంఘమూ ఇవే మాటలు చెప్పింది. పదిమంది చెప్పగా చెప్పగా అధికారుల భాషలో ఆ మాటలు చేరిపోయాయి. కొత్త కార్యదర్శి వచ్చి ఫైలు తెరిస్తే, ఆ మాటలు ఎవరివో తెలియకుండానే నోట్‌లో రాస్తాడు. ప్రభుత్వంలో అధ్యయనం పనిచేసే తీరు ఎక్కువగా ఇదే. మెరుపులాగా కాదు, నేలలో ఇంకే వానలాగా.

అమెరికా ఉల్లి కథ

మన దేశానిదే ఈ జబ్బు అనుకోనక్కరలేదు. అమెరికాలో ఉల్లి వాయిదాలపై 1958లో చట్టం చేసి నిషేధం పెట్టారు. అంతకు ముందు చికాగోలో ఇద్దరు వ్యాపారులు ఉల్లిని గుత్తకు పట్టి, తరువాత ఒక్కుమ్మడిగా అమ్మారు. 50 పౌండ్ల సంచి 1955 ఆగస్టులో 2.75 డాలర్లు వుండగా, 1956 మార్చికి 10 సెంట్లకు పడిపోయింది. రైతులు గగ్గోలు పెట్టారు. మిచిగాన్ రాష్ట్రపు సభ్యుడు, తరువాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ బిల్లును ముందుకు నడిపారు.

చట్టం అయ్యాక అధ్యయనాలు వచ్చాయి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయపు హోల్‌బ్రుక్ వర్కింగ్ 1960లో, రోజర్ గ్రే 1963లో ఉల్లి ధరలను పరిశీలించి, వాయిదాలు బాగా సాగిన సంవత్సరాల్లోనే సీజను ఎగుడుదిగుళ్ళు తక్కువగా వున్నాయని చూపారు. 1973లో వ్యవసాయ శాఖ తరఫున వచ్చిన మరో అధ్యయనం తేడా అంతగా లేదన్నది. వాయిదాల వల్ల చెడు జరిగిందని మాత్రం వీటిలో ఏదీ తేల్చలేదు. అయినా ఆ చట్టం రద్దు కాలేదు. ఉల్లి వాయిదా ఆ దేశంలో తిరిగి రాలేదు. గుత్తపట్టడం నేరమైతే గుత్తపట్టిన వారిని శిక్షించాలి. బజారునే మూసివేస్తే మళ్ళీ తెరిపించడం ఎంత కష్టమో ఇందువల్ల తెలుస్తున్నది.

మన దగ్గర 2012 మార్చిలో గోరుచిక్కుడు వాయిదాలను ఆపి, 2013 మేలో తిరిగి తెరవడం ఇందుకు భిన్నమైన ఉదాహరణ. అక్కడ పెద్ద పెద్ద పొజిషన్లపై విచారణ జరిగింది. పరిమితులు బిగించారు. తరువాత తెరిచారు. నియంత్రణ సంస్థ చేతిలో లెక్క వుంటే మూసివేత శాశ్వతం కానక్కరలేదని ఇది చూపుతున్నది.

యార్డు కాగితమే మూలధనం

2021 నాటి నిలిపివేతపై ఐఐటి బొంబాయి మేనేజిమెంట్ విభాగం, గ్రేటర్ నోయిడాలోని బిమ్‌టెక్ సంస్థ అధ్యయనాలు చేశాయి. ఆపినందువల్ల ధరలు అదుపులోకి వచ్చాయనే వాదనకు వాటిలో బలం చేకూరలేదు. మండీలకు ఆధారంగా వుండే ఒక ధర లేకుండా పోయిందని అవి చెప్పాయి. అవి బయటికి వచ్చాక కూడా, 2025 మార్చిలో గడువు ఏడాది పొడిగింది. దీనిపై వర్తకులు నిరాశ చెందడం సహజమే. కాని ఖుస్రో మాట పద్దెనిమిదేళ్ళకు ఉత్తర్వు అయిందన్నది మరువరాదు. ఈ మధ్యకాలంలో చేయవలసిన పని ఒకటి వున్నది. అది ఢిల్లీలో కాదు, మన యార్డుల్లో.

ఏ సంఘం వేసినా, ఏ ప్రొఫెసరు కూర్చున్నా, చివరకు చూసేది యార్డులో రాసిన రెడీ ధర. ఆ ధర ఎట్లా రాస్తున్నారు? గుంటూరులో తేజ, 334, 341, బాడిగ - ఎన్ని రకాలు! ప్రతి రకంలో డీలక్సు, మీడియం. అడుగున తాలు కాయ. డీలక్సు తేజను, తాలును కలిపి సగటు తీసి, ఇదీ నేటి మిర్చి ధర అని రాస్తే, దానితో బేరమాడే వర్తకుడు గుంటూరులో ఒక్కడూ వుండడు. మరి అదే అంకెతో విధానం ఎట్లా తేలుతుంది? నిజామాబాదులో పసుపు కొమ్ము వేరు, గోళ వేరు. పాలిషు పట్టినది వేరు, పట్టనిది వేరు. తేమ శాతం వేరు. పసుపు వాయిదాకు ఆధార కేంద్రం నిజామాబాదే కనుక అక్కడి కాటా మీద రాసే అంకె దేశమంతటా పోతుంది.

పసుపు అనుభవమే తీసుకొంటే, 2010లో క్వింటాలు 15,000 రూపాయలు దాటినప్పుడు వాయిదాలను ఆపాలన్న కోరిక గట్టిగా వినిపించింది. రెండేళ్ళు తిరగకుండా 5,000 లోపుకు దిగింది. అప్పుడు రైతులు గగ్గోలు పెట్టారు. ఎక్కినప్పుడూ వాయిదాలున్నాయి, దిగినప్పుడూ వున్నాయి. పంట విస్తీర్ణం, నిల్వల లెక్క చేతిలో వున్నవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. లెక్క లేనివారికి మాత్రం ఎప్పుడూ ఒక దోషి కావాలి. ఆ దోషి స్థానంలో ఎవరు కనబడతారో వర్తకులకు చెప్పనవసరం లేదు.

ఇక్కడ వర్తకుల వైపు లోపమూ వున్నది. సెస్సు తప్పించుకోవడానికి యార్డు బయట జరిగే కాటాలు, పచ్చి చిట్టీల మీద నడిచే బేరాలు, కోల్డు స్టోరేజీల్లో బినామీ పేర్ల మీద వుండే నిల్వలు - ఇవి ఏ లెక్కలోకీ రావు. సరుకు లెక్కలో కనిపించకపోతే కొరత అని రాస్తారు. కొరత అని రాసినప్పుడు ధర ఎక్కితే సట్టా అంటారు. సట్టా అన్న తరువాత ఉత్తర్వు వస్తుంది. ఒక్క చిట్టీకి మిగిలిన సెస్సు ఎంత, ఉత్తర్వు వల్ల పోయిన వ్యాపారం ఎంత అన్నది ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

అడగదగినవి

వర్తక సంఘాలు ప్రభుత్వానికి ఇచ్చే వినతిపత్రాల్లో నిషేధం ఎత్తివేయండి అన్న ఒక్క వాక్యమే వుంటున్నది. దానికి బదులు సమాధానం రాబట్టగల కోరికలు పెట్టవచ్చు. ఒక సరుకును ఆపితే ఏ అంకెలు చూసి ఆపారో ఉత్తర్వుతో పాటే ప్రకటించాలి. ఆ అంకెలు ఎక్కడికి వస్తే తెరుస్తారో ముందే చెప్పాలి. పొడిగించే ముందు అంతకు ముందటి గడువులో జరిగినదేమిటో ఒక నివేదిక రావాలి. అన్ని సరుకులకూ ఒకే ఉత్తర్వు కాక, పెసలకు పెసల లెక్క, పామాయిలుకు పామాయిలు లెక్క వేరు వేరుగా చూడాలి. దిగుమతి మీద నడిచే సరుకు, మన పొలంలో పండే సరుకు ఒకే తూనికకు తూగవు.

వీటికి తోడు, ప్రతి యార్డు కమిటీ, ప్రతి వర్తక సంఘం రకం వారీగా, నాణ్యత వారీగా రోజువారీ ధర, రాబడి, నిల్వలను తానే రాసి పెట్టుకోవాలి. మొదటి ఏడాది ఇది వట్టి శ్రమ. పదేళ్ళ తరువాత అదే సాక్ష్యం. సేన్ సంఘం ముందు అటువంటి పుస్తకాలు పది యార్డుల నుండి వచ్చి వున్నట్లయితే, సాక్ష్యం చాలదన్న మాట అంత సులువుగా రాయవలసి వచ్చేది కాదు. తీర్పు వర్తకులకు అనుకూలంగానే వుండేదని చెప్పలేము. ప్రతికూలమైనా, ఏ సరుకులో, ఏ నెలలో, ఎవరి వల్ల అన్నది తేలి వుండేది. నష్టం అందరి మీదా పడేది కాదు.

వాయిదాల మీద మరో సంఘం ఎప్పటికైనా వస్తుంది. ఇంతవరకు ప్రతి పది, పదిహేనేళ్ళకు ఒకటి వస్తూనే వున్నది. అప్పుడది అడిగే మొదటి ప్రశ్న, మీ యార్డులో ఆ రోజు ధర ఎంత అని. అందుకు జవాబు ఇవాళ సాయంత్రం గుమాస్తా రాసే పద్దులోనే వుండాలి.